రొట్టె తింటున్నా రక్తం ఎందుకు పెరుగుతలేదు? కడుపుతో ఉన్నప్పుడు తిండి లెక్క

 

ఈ రోజు ఎపిసోడ్ కడుపుతో ఉన్నవాళ్ల తిండి గురించి. ఆగండి, "నాకు ఇంకా పెళ్లే కాలేదు, నాకెందుకు ఈ ముచ్చట" అని పైకి జరిపేయకండి. మీ ఇంట్ల అక్క ఉంటది, వదిన ఉంటది, పక్కింట్ల చెల్లె ఉంటది. వాళ్లకు రక్త పరీక్ష చేస్తే ఆ రిపోర్టు ఫోటో ముందు వచ్చేది మీ వాట్సాప్‌కే. "ఏం రాసిండ్రు, జర చూడు తమ్మీ" అని అడిగేది మిమ్మల్నే. అందుకే ఇది మీ కోసం కూడా.

ఒక మాట ముందే చెప్తున్నా. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ పని చేసినవాణ్ణి. నాకు వచ్చింది లెక్క చూడడం. మందుల మాట డాక్టరే చెప్పాలి. తిండి లెక్క మాత్రం మనం కూర్చొని చూసుకోవచ్చు.

సరే. రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.6 అని ఉందనుకోండి. దాని అర్థం ఏంది? కడుపుతో ఉన్నవాళ్లకు 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 10 నుంచి 10.9 దాకా ఉంటే కొంచెం తక్కువ. 7 నుంచి 9.9 దాకా ఉంటే మధ్యరకం. 7 కంటే కిందికి పోతే తీవ్రమైనది, అప్పుడు ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. అంటే 8.6 అనేది "ఏం కాదులే, అందరికీ అంతే ఉంటది" అని పక్కన పెట్టే నంబర్ కాదు. కాన్పు అప్పుడు ఎంతో కొంత రక్తం పోతుంది. ముందే తక్కువున్న మనిషికి ఆ కొంచెం పోవడం కూడా ప్రాణం మీదికి వస్తది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం, నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం కూడా పెరుగుతాయి.

"అందరికీ అంతే ఉంటది" అనే మాటలో కొంత నిజం కూడా ఉంది, అదే బాధ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో నూటికి 53 మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు 2015-16 సర్వేలో అది 48. అంటే తగ్గాల్సింది పెరిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతం. జొన్నరొట్టె, సజ్జరొట్టె, తైద అంబలి తిన్న నేల. మరి మన దగ్గర రక్తం ఎందుకు తక్కువ? ఈ మధ్య చాలామంది చెప్పే జవాబు ఒకటే: "జొన్నలు మానేసినం, మళ్లీ తింటే అన్నీ సర్దుకుంటాయి." ఇది సగం నిజం. మిగిలిన సగం తెలవకపోతే రొట్టె తింటున్నా రిపోర్టులో నంబర్ కదలదు. ఆ రెండు సగాలు ఈ రోజు చూద్దాం.

ముందు మొదటి సగం. మన కంచం ఎట్ల మారింది?

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పెట్టింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. అప్పటిదాకా పండుగకో, చుట్టం వస్తేనో వండే వరి అన్నం రోజూ పొయ్యి మీదికి వచ్చింది. తర్వాత బోర్లు వచ్చినయ్, కాలువల కింద వరి పెరిగింది. మెట్ట చేన్లలో జొన్న పోయి పత్తి వచ్చింది. మొన్న 2025 ఉగాది రోజున సన్నబియ్యం పథకం మొదలైంది కూడా మన హుజూర్‌నగర్‌లోనే, మనిషికి నెలకు 6 కిలోలు ఉచితం. బియ్యం ఫ్రీగా ఇంటికి వస్తుంటే, డబ్బులు పెట్టి జొన్నలు కొని, పిండి పట్టించి, రొట్టెలు కొట్టేదెవరు? ఎవరినీ తప్పు పట్టే పని లేదు. కానీ ఆ మార్పులో ఏం పోయిందో తెలుసుకోవాలి.

గింజకు మూడు భాగాలు ఉంటాయి. పైన పొర, లోపల మొలక వచ్చే చిన్న భాగం, మధ్యలో తెల్లటి పిండి. మిల్లులో బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టినప్పుడు పై పొర, మొలక భాగం తవుడుగా పోతాయి. పీచు, ఐరన్, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది వాటిలోనే. మన ఇండ్లల్ల ఆ తవుడు ఎవరికి పెడతాం? బర్రెకు. అంటే గింజలోని బలం బర్రెకు పోతోంది, తెల్ల పిండి ఇంట్లో కడుపుతో ఉన్న మనిషికి వస్తోంది. జొన్న, సజ్జ, తైదల్లో ఈ గొడవ లేదు. గింజ మొత్తం పిండి పడతాం కాబట్టి అన్నీ అందులోనే ఉంటాయి, జల్లెడ పట్టి పొట్టు తీసేయనంత వరకు. ముతక గింజలు, పొట్టు తీయని గింజలు తినమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇక నంబర్లు. మన హైదరాబాద్‌లో, తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎన్‌ఐఎన్ అంటారు. 2017లో వాళ్లు మన దేశంలో తినే ఆహారాలను పరీక్షించి పట్టికలు వేశారు. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఐరన్ 0.65 మిల్లీగ్రాములు. అదే జొన్నల్లో 3.95. అంటే ఆరు రెట్లు. తైదల్లో 4.6, సజ్జల్లో 6.4. పీచు చూస్తే బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు, జొన్నల్లో 10 గ్రాముల పైన. క్యాల్షియం అయితే తైదల్లో 364 మిల్లీగ్రాములు. ఈ విషయంలో మన గింజల్లో దాని దగ్గరికి వచ్చేది లేదు.

పీచు గురించి ఒక్క మాట, ఇది చాలా పనికొస్తది. ఐరన్ గోలీలు ఎందుకు మానేస్తున్నవ్ అని అడిగి చూడండి. "మలబద్ధకం అయితుంది" అంటారు. నిజమే, ఆ గోలీలతో కొందరికి అట్ల అవుతుంది. జొన్నరొట్టె, ఆకుకూర తిని, నీళ్లు బాగా తాగితే ఆ ఇబ్బంది తగ్గుతది. గోలీ మానే పని ఉండదు. ఇంకోటి, గర్భంలో వచ్చే షుగర్. తెల్లన్నం కుప్ప పోసుకొని తింటే రక్తంలో చక్కెర తొందరగా పెరుగుతుంది. పీచు ఉన్న గింజ, పప్పు, కూర కలిపి తింటే నిదానంగా పెరుగుతుంది. అందుకే షుగర్ పరీక్ష కూడా తప్పకుండా చేయించాలి, ముఖ్యంగా 24 నుంచి 28 వారాల మధ్య.

ఇప్పుడు రెండో సగం. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

కడుపుతో ఉన్నప్పుడు రోజుకు కావాల్సిన ఐరన్ 27 మిల్లీగ్రాములు. 2020లో ఎన్‌ఐఎన్ ఇచ్చిన లెక్క ఇది. ఒకామె రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నదనుకోండి. అందులో ఐరన్ 2 మిల్లీగ్రాములు. అందులో 100 గ్రాముల బియ్యం తీసేసి 100 గ్రాముల జొన్నపిండి పెడదాం. ఇప్పుడు 5 అయింది. కందిపప్పు 60 గ్రాములు, ఇంకో 2. తోటకూర 100 గ్రాములు, సుమారు 4. గుప్పెడు పల్లీలు, 1. ఒక గుడ్డు, 1 దగ్గర. మొత్తం కూడితే 13, మహా అంటే 14. కావాల్సినది 27. సగం దగ్గరే ఆగినం!

ఇంతేనా? కాదు. తిన్నదంతా రక్తంలోకి పోదు. గింజల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటది. అది ఐరన్‌ను గట్టిగా పట్టుకుని ఒంటికి ఎక్కనియ్యదు. అది ఎక్కువగా ఉండేది కూడా గింజ పై పొరలోనే. అంటే ఏ పొరలో బలం ఉందో, ఆ పొరలోనే తాళం కూడా ఉంది. రొట్టె తింటున్నా రక్తం పెరుగుతలేదు అంటే కారణాల్లో ఇదొకటి.

మరి తాళం తీసేదెట్ల? మన పెద్దోళ్ల వంటలోనే ఉంది.

మొదటిది, నానబెట్టడం, పులియబెట్టడం, మొలకెత్తించడం. ఇవి చేస్తే ఫైటేట్ తగ్గుతుంది. తైద పిండి రాత్రి కలిపి పెట్టి, పొద్దున కాచిన పులిసిన అంబలి ఊరికే చేయలేదు మనోళ్లు. పెసర్లు, బబ్బెర్లు నానబోసి, మొలకలు వచ్చినాక గుడాలు చేసుకోండి. కానీ కడుపుతో ఉన్నవాళ్లు మొలకలు పచ్చివి తినొద్దు, ఉడికించే తినాలి. పచ్చి మొలకల్లో క్రిములు పెరిగే ప్రమాదం ఉంటది.

రెండోది, పులుపు. విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటికి ఎక్కుతుంది. నల్లగొండ బత్తాయి తోటలకు పేరు. మన కాయ లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది, మన ఇంట్ల గర్భిణికి ఒక్కటి దొరకదు. రొట్టె తిన్నాక ఒక బత్తాయి, లేదంటే ఒక జామకాయ, అదీ లేదంటే పప్పులో సగం నిమ్మకాయ పిండుకుంటే చాలు. ఉసిరికాయ దొరికే కాలంలో అంతకన్నా మంచిది లేదు. నిమ్మరసం మాత్రం దించినాక పిండాలి, పొయ్యి మీద మరిగిస్తే విటమిన్ సి పోతుంది.

మూడోది, చాయ్. ఇది కొంచెం కష్టమైన మాట. మన దగ్గర పొద్దున రొట్టెతో చాయ్, పత్తి చేనుకాడ చాయ్, సాయంత్రం చాయ్. చాయ్‌లో ఉండే పదార్థాలు ఐరన్‌ను అడ్డుకుంటాయి. మానేయమని అనట్లేదు. తిండికి, గోలీకి ముందు ఒక గంట, తర్వాత ఒక గంట చాయ్, కాఫీ తాగకుంటే చాలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు ఈ మార్పుకు.

నాలుగోది, గుడ్డు, మాంసం, చేప. వీటిలో మాంసం, చేపల్లో ఉండే ఐరన్ గింజల్లో ఉన్న ఐరన్ కంటే సులభంగా ఒంటికి పడుతుంది. పైగా పక్కన ఉన్న రొట్టె, పప్పులోని ఐరన్‌ను కూడా లాగుతుంది. తినే అలవాటున్న ఇంట్లో ఆదివారం కూర వండితే, ముక్కలు ముందు ఎవరి కంచంలో పడుతున్నాయో చూడండి. మగవాళ్లకు, పిల్లలకు వేసినాక చివర్ల మిగిలిన పులుసు ఆమెకు. ఈ ఒక్క వరుస మార్చండి. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ముందు తినాలి, లేదంటే అందరితో కలిసి తినాలి. ఇది ఏ గింజ తినాలి అనేదానికంటే పెద్ద విషయం.

అయిదోది, గోలీ. ఇందాక లెక్కలో సగం దగ్గర ఆగినం కదా, ఆ మిగిలిన సగం నింపేది ఇదే. నాలుగో నెల నుంచి రోజూ ఒక ఐరన్ గోలీ, కనీసం 180 రోజులు, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు అయినాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. క్యాల్షియం గోలీలు కూడా ఇస్తారు. రెండూ ఒకేసారి మింగొద్దు, ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. మధ్యలో కనీసం 2 గంటలు ఉండాలి. పాలతో ఐరన్ గోలీ మింగడం కూడా ఇదే లెక్క. నీళ్లతో మింగండి, నిమ్మరసం అయితే ఇంకా మంచిది. గోలీ వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడొద్దు. వికారం వస్తే మానేయకుండా, రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చా అని ఏఎన్ఎంని అడగండి.

ఇంకో విషయం. కొందరికి కడుపుతో ఉన్నప్పుడు బియ్యం బుక్కాలని, మట్టి, సుద్ద తినాలని అనిపిస్తుంది. మన దగ్గర దాన్ని నవ్వుతూ "కోరికలు" అంటారు. అది చాలాసార్లు ఐరన్ తక్కువైందని ఒళ్లు చెప్పే గుర్తు. మీ అక్క దొంగతనంగా బియ్యం బుక్కుతుంటే తిట్టకండి, రక్త పరీక్షకు తీసుకుపోండి. అట్లనే నీరసం అంటే ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం. ఆ బాటిల్‌లో నీళ్లు, చక్కెర, ఉప్పు ఉంటాయి. ఐరన్ లేదు. దాంతో ఆ పూటకు తేలికనిపిస్తుందేమో, 8.6 మాత్రం 8.6 లాగనే ఉంటది.

ఇక మనకు ఇప్పటికే ఉన్నవి ఏంటో చూద్దాం. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం ఉంది. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చొని తినాలనే పెట్టారు. ఎందుకంటే ఇంటికి తెస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. గుడ్డు పెద్ద బిడ్డకు పోతుంది, పాలు చాయ్‌లోకి పోతాయి. తల్లి మనసు అంతే, తప్పు ఆమెది కాదు. కాబట్టి ఆమె అక్కడికి పోయి తినేటట్టు చూడాల్సింది ఇంట్లోవాళ్లు. పత్తి ఏరే కాలంలో కూలి వదిలి మధ్యాహ్నం అంగన్‌వాడీకి పోవడం కష్టం, నాకు తెలుసు. అట్లాంటప్పుడు అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడండి. బండి మీద దించి రావడం మీ పని. ప్రతి నెల 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఫోన్‌లో ఆ తారీఖుకు రిమైండర్ పెట్టుకోండి.

కొన్నిచోట్ల ప్రభుత్వం ఇచ్చే బియ్యంలో కొంచెం రంగు తేడాగా, మెత్తగా ఉండే గింజలు కనబడతాయి. "ప్లాస్టిక్ బియ్యం" అని వీడియోలు తిరిగినయ్, ఏరి పారేసినవాళ్లు కూడా ఉన్నారు. అవి బియ్యపు పిండితోనే చేసిన గింజలు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, 100 గింజలకు 1 చొప్పున కలుపుతారు. వాటిని ఏరేయకండి.

నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఫ్లోరైడ్ మన జిల్లాకు పాత శత్రువు. మర్రిగూడ, చండూరు వైపు వంకర పోయిన కాళ్లను మనందరం చూసినం. ఢిల్లీలో డాక్టర్ ఏ.కె. సుశీల గారి బృందం రక్తహీనత ఉన్న గర్భిణుల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. తాగే నీళ్లలో, తిండిలో ఫ్లోరైడ్ తగ్గించి, పాలు, కూరగాయలు, పండ్లు పెంచితే వాళ్ల హిమోగ్లోబిన్ మెరుగుపడిందని అందులో చెప్పారు. అందుకే మన దగ్గర తిండి లెక్కలో నీళ్లు కూడా ఉండాలి. భగీరథ నల్లా ఉన్నా, చేనుకాడికి పోతే బోరు నీళ్లే తాగుతాం. కడుపుతో ఉన్న మనిషికి ఇంటి నుంచి ఒక బాటిల్ కట్టివ్వండి.

సరే, ఇదంతా కలిపి ఒక రోజు కంచం ఎట్ల ఉండాలి?

పొద్దున తైద అంబలిలో మజ్జిగ కలుపుకొని ఒక గ్లాసు, తోడుగా ఉడికించిన గుడాలు. పదకొండు గంటలకు జామకాయో, బత్తాయో. మధ్యాహ్నం అన్నం తగ్గించి, పప్పు, ఆకుకూర, గుడ్డు. కూర తోటకూర కావచ్చు, గంగవాయిలి కూర కావచ్చు, మునగాకు కావచ్చు. చేన్ల గట్టు మీద దొరికేదాన్ని చిన్నచూపు చూడకండి. సాయంత్రం గుప్పెడు పల్లీలు, చిన్న బెల్లం ముక్క. షుగర్ ఉంటే బెల్లం వద్దు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, కూర, పడుకునే ముందు ఒక గ్లాసు పాలు. ఐరన్ గోలీకి పాలకు మధ్య దూరం మర్చిపోవద్దు.

రొట్టె కొట్టడం రాదా? గటక వండండి, కుక్కర్లో అయిపోతుంది. జొన్నరవ్వ ఉప్మా చేయండి. రోజుకు 100 గ్రాములు అంటే నెలకు 3 కిలోల జొన్నలు. ఇంత మాత్రం కొనలేని ఇల్లు తక్కువ. పిండి పట్టించడానికి మీరు పోండి. షాపులో "మల్టీగ్రెయిన్" అని రాసిన బిస్కెట్లు తెచ్చి పని అయిపోయిందనుకోకండి. ప్యాకెట్ వెనక చూడండి, పదార్థాల్లో మొదట ఏది రాసి ఉంటే అదే ఎక్కువ. చాలావాటిలో అది మైదా, రెండోది చక్కెర.

"ఇద్దరి తిండి తినాలి" అనే మాట కూడా వినపడుతుంది. రెండింతలు అవసరం లేదు. ఎన్‌ఐఎన్ లెక్కలో అదనంగా కావాల్సింది రోజుకు 350 కేలరీలు. అంటే ఇందాక చెప్పిన ఆ రెండు రొట్టెలంత. దీనికి ఎదురు మాట ఇంకోటి ఉంది, "ఎక్కువ తింటే బిడ్డ పెద్దగైతడు, కాన్పు కష్టమైతది" అని. దాన్ని నమ్మి సగం కడుపు తినేవాళ్లు ఉన్నారు. అది మరీ ప్రమాదం. పెద్దవాళ్లతో గొడవ పెట్టుకోకండి. "అవ్వా, డాక్టరమ్మ చెప్పింది" అని ఏఎన్ఎం ముందే మాట్లాడించండి, వింటారు.

చివరగా మూడు పనులు. ఒకటి, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ల తాజా హిమోగ్లోబిన్ ఎంతో ఈ రోజే అడగండి. రెండు, తిండికి చాయ్‌కి మధ్య గంట దూరం పెట్టండి. మూడు, ఈ నెల సరుకుల్లో 3 కిలోల జొన్నలు, ఒక డజను నిమ్మకాయలు రాయండి. గోలీలు వేసుకుంటూ, ఇట్ల తింటూ ఒక నెల గడిచినాక మళ్లీ పరీక్ష చేయించండి. నంబర్ పెరగకపోతే "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనుకోకుండా డాక్టర్ దగ్గరికి పోండి. నులిపురుగులు, థైరాయిడ్, బి12 తక్కువ ఉండడం, తలసీమియా, ఇట్లాంటి కారణాలు వేరే ఉండొచ్చు. కొందరికి నరానికి ఐరన్ ఎక్కించాల్సి రావచ్చు.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. బావలకు, అన్నలకు విడిగా పంపండి, వాళ్లే చూడాలి. వచ్చే ఎపిసోడ్‌లో కాన్పు అయినాక పెట్టే పథ్యం గురించి మాట్లాడుకుందాం. బాలింతకు నీళ్లు కూడా తక్కువ ఇవ్వడం దగ్గర మొదలుపెడదాం. అప్పటిదాకా ఉంటా. నమస్తే.